అప్‌డేట్ పడ్డాక ఫోన్ మొండికేస్తే ముందు తేదీలు చూడండి, రీసెట్ సంగతి తర్వాత

2025 ఆగస్టులో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్ స్క్రీన్ ఉన్నట్టుండి మారిపోయింది. బటన్లు పెద్దవైపోయాయి, కాల్ లిస్టు ఇంకోలా కనపడింది, ఫోన్ ఎత్తడానికి వేలు ఎటు జరపాలో కూడా కొందరికి అర్థం కాలేదు, ఇంకేముంది ఫ్యామిలీ గ్రూపుల్లో ఒకటే గోల, హ్యాక్ అయిందని ఒకరు, రాత్రి అప్‌డేట్ పడి పాడైందని ఇంకొకరు. తీరా చూస్తే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఏమీ కాలేదు. గూగుల్ ఫోన్ యాప్ ఒక్కటే కొత్త డిజైన్‌కి మారింది, యాప్ ఇన్ఫోలోకెళ్లి అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కినవాళ్లకి పాత స్క్రీన్ వెనక్కొచ్చేసింది.

ఇంతకంటే పెద్ద గొడవ 2021 మార్చిలో అయింది. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని ఒకటుంటది, యాప్స్ లోపల వెబ్ పేజీలు చూపించే పని దానిది, అందులో ఏదో తేడా కొట్టి జీమెయిల్‌తో సహా బోలెడు యాప్స్ తెరవగానే మూసుకుపోవడం మొదలెట్టాయి. మందు ఏంటంటే ప్లేస్టోర్‌లో వెబ్‌వ్యూ, క్రోమ్ రెండూ కొత్త వెర్షన్‌కి మార్చుకోవడం, అంతే. ఆ రోజు తొందరపడి ఫోన్ మొత్తం ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లెవరైనా ఉంటే రెండు నిమిషాల పనికి చాట్లూ ఫోటోలూ పోగొట్టుకున్నట్టే.

కాబట్టి మొదటి పని తేదీలు పట్టుకోవడం. ఫోన్‌లో అప్‌డేట్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అక్కడ నాలుగు రకాలు నడుస్తుంటాయి. ఆండ్రాయిడ్ వెర్షన్ మొత్తం మారే పెద్ద అప్‌డేట్ ఒకటి, నెలకో రెణ్ణెల్లకో వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ ఒకటి, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని చప్పుడు లేకుండా పడేది ఒకటి, ఇక యాప్స్ వేటికవి విడిగా మారేవి. మొదటి మూడూ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోనో సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లోనో కనిపిస్తాయి, యాప్ కొత్త వెర్షన్ ఎప్పుడొచ్చిందో ప్లేస్టోర్‌లో ఆ యాప్ పేజీలో ఉంటది. ఈ తేదీలూ, ప్రాబ్లం మొదలైన రోజూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం కేసు అక్కడే తేలిపోద్ది. మంగళవారం అప్‌డేట్ పడి శనివారం దాకా బాగానే ఉండి ఆదివారం నుంచి కెమెరా రావట్లేదంటే మంగళవారాన్ని తిట్టుకోవడంలో అర్థం లేదు, మధ్యలో ఏ యాప్ వేశారో, ఏ యాప్ మారిందో వెతకాలి.

నిజంగానే పెద్ద అప్‌డేట్ పడి, ఆ రోజు నుంచే ఫోన్ కాలిపోతూ చార్జింగ్ సాయంత్రానికే అయిపోతుందనుకుందాం. మొదటి రెండు మూడు రోజులు ఇది మామూలే, మామూలే అనడానికి కారణం ఉంది. ఆండ్రాయిడ్‌లో యాప్స్ వేగంగా తెరుచుకోవడానికి వాటి కోడ్‌ని ఫోన్ తన ప్రాసెసర్‌కి సరిపోయేలా ముందే తర్జుమా చేసి దాచుకుంటది, సిస్టమ్ మారినప్పుడు ఆ దాచుకున్నదంతా పనికిరాకుండా పోయి మళ్లీ మొదట్నుంచి చేస్కోవాలి. 2014 నాటి లాలీపాప్ వెర్షన్ రోజుల్లో అయితే అప్‌డేట్ అవ్వగానే స్క్రీన్ మీద యాప్స్ ఆప్టిమైజ్ చేస్తున్నాను అని లెక్క చూపిస్తూ కూర్చోబెట్టేది, అందరికీ విసుగ్గా ఉండేది గానీ ఏం జరుగుతోందో తెలిసేది. 2016లో నూగట్ నుంచి ఆ పనిలో చాలాభాగాన్ని వెనక్కి నెట్టేశారు, ఫోన్ చార్జింగ్‌లో ఉండి మనం వాడకుండా పక్కన పడేసినప్పుడు చేస్కుంటది. ఐఫోన్‌లో కూడా ఇదే వరస, అప్‌డేట్ తర్వాత ఫోటోలన్నీ మళ్లీ చదివి మొహాలు గుర్తుపట్టుకోవడం, సెర్చ్ కోసం ఇండెక్స్ కట్టుకోవడం లాంటివి లోపల నడుస్తాయి. గుడ్ మార్నింగ్ బొమ్మలతో సహా ఇరవై వేల ఫోటోలున్న ఫోన్‌కీ, రెండు వేలున్న ఫోన్‌కీ ఇక్కడే తేడా వస్తది.

ఈ దశలో చేయాల్సింది తక్కువ. రాత్రి వైఫై ఆన్‌లో పెట్టి, చార్జర్ తగిలించి, ఫోన్‌ని దిండు కింద పెట్టకుండా గాలి తగిలే చోట వదిలేయడం, ఇలా రెండు మూడు రాత్రులు. యాప్స్ అన్నీ ప్లేస్టోర్‌లో అప్‌డేట్ చేస్కోవడం. ఒకసారి రీస్టార్ట్. చాలామంది దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తారు, బ్యాటరీ తినేస్తోందని రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసి పడుకుంటారు, ఇంక ఆ పని పగలు వాడుతున్నప్పుడే కొంచెం కొంచెంగా లాగుతూ వారమైనా తెమలదు.

వైజాగ్‌లో దీనికి ఉక్కపోత తోడవుద్ది. ఏప్రిల్, మే నెలల్లో బీచ్ రోడ్ మీద హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్స్ పెట్టుకుని బండి నడిపే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లు అప్‌డేట్ లేకపోయినా వేడెక్కుతాయి, ఆపిల్ వాళ్లయితే ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దనే చెప్తారు, మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం ఎండలో ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు. వేడెక్కిన ఫోన్ తనని కాపాడుకోడానికి ప్రాసెసర్ వేగం తగ్గిస్తది, స్క్రీన్ వెలుతురు తగ్గిస్తది, చార్జింగ్ నెమ్మదిస్తది. దీన్ని అప్‌డేట్ వల్ల స్లో అయింది అనుకునే ముందు ఏసీ గదిలోనో, పొద్దున్న ఆరింటికో అదే పని చేసి చూస్తే తెలుస్తది. అక్కడ బాగా నడిస్తే తప్పు వేడిది.

మరి కంపెనీలే కావాలని స్లో చేస్తాయన్న మాట సంగతేంటి? ఇది వట్టి అనుమానం అని కొట్టిపారేయడానికి లేదు. 2017 జనవరిలో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 10.2.1తో పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగం తగ్గించామని ఆపిల్ అదే ఏడాది డిసెంబర్‌లో ఒప్పుకుంది, అరిగిన బ్యాటరీ ఒక్కసారిగా కరెంటు ఇవ్వలేక ఫోన్ ఆగిపోకుండా అలా చేశామంది. కారణం సరైనదే, చెప్పకుండా చేయడమే తప్పు. ఆ గొడవ ఫలితంగానే 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ హెల్త్ అనే పేజీ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఇలా అప్‌డేట్లతో ఫోన్లు నెమ్మదించేలా చేశారని ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఈమధ్య చూస్తే 2025లో తన సొంత ఫోన్లు పిక్సెల్ 4ఏకి, తర్వాత పిక్సెల్ 6ఏకి గూగుల్ పంపిన అప్‌డేట్లు కొన్ని ఫోన్లలో బ్యాటరీ సామర్థ్యాన్నే తగ్గించాయి, 6ఏ విషయంలో 400 సార్లు పూర్తిగా చార్జ్ చేసినంత వాడిన బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని చెప్పే చేశారు. అంటే అప్‌డేట్ ఫోన్‌ని తగ్గించడం అన్నది జరిగే పనే, అయితే ఎక్కువ చోట్ల బ్యాటరీయే దాని మూలం, అందుకే మూడేళ్లు దాటిన ఫోన్‌లో ముందు బ్యాటరీ హెల్త్ చూడాలి. ఐఫోన్‌లో 80 శాతం కిందకి పోతే బ్యాటరీ మార్పించడమే, దానికి కొత్త ఫోన్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఈ లెక్క అన్ని ఫోన్లూ చూపించవు, సర్వీస్ సెంటర్లో టెస్ట్ చేసి చెప్తారు.

మూడు రోజులు దాటాక కూడా మిగిలే గొడవల్లో ఎక్కువ భాగం సెట్టింగులవి. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో ఆకుకూరలమ్మే ఒకావిడ బల్ల ఊహించుకోండి. క్యూఆర్ బోర్డు, పక్కన సౌండ్ బాక్స్, చేతిలో ఫోన్. రాత్రి ఫోన్ పెద్ద అప్‌డేట్ అయింది. పొద్దున్న పాలకూర తీస్కున్నాయన 40 రూపాయలు కొట్టాడు, బాక్స్ మాత్రం నలభై రూపాయలు అందాయని అరిచింది, ఫోన్‌కి ఏ మెసేజూ రాలేదు. ఇంకో ఇద్దరు కొట్టారు, అదే కథ. పన్నెండింటికి ఆవిడ యాప్ తెరవగానే పొద్దుట్నుంచి ఆగిన నోటిఫికేషన్లన్నీ టపటపా ఒకేసారి పడ్డాయి. ఈ రెండు ముక్కల్లోనే జవాబుంది. సౌండ్ బాక్స్‌లో దాని సిమ్ దానికి వేరే ఉంటది, ఫోన్‌తో దానికి పని లేదు, అది పలికిందంటే డబ్బులు పడ్డాయి, బ్యాంకు బాగుంది, యూపీఐ బాగుంది. యాప్ తెరవగానే అన్నీ వచ్చాయంటే ఇంటర్నెట్టూ బాగుంది, నోటిఫికేషన్ పర్మిషనూ ఉంది. మిగిలింది ఒకటే, ఆ యాప్‌ని ఫోన్ వెనకాల నిద్రపుచ్చేస్తోంది.

పెద్ద అప్‌డేట్ అయినప్పుడు బ్యాటరీ పొదుపు సెట్టింగులు మళ్లీ డీఫాల్ట్‌కి వెళ్లిపోవడం, కంపెనీ కొత్తగా ఇంకో పొదుపు పద్ధతి పెట్టడం రెండూ జరుగుతుంటాయి. మందు యాప్ ఇన్ఫోలో బ్యాటరీ అన్న దగ్గర ఉంటది, రెస్ట్రిక్టెడ్ ఉంటే తీసి అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టాలి. షావోమీ ఫోన్లలో ఆటోస్టార్ట్ అని ఇంకో మీట ఉంటది, శాంసంగ్‌లో స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ అని లిస్టులుంటాయి, వాటిల్లో ఆ యాప్ పేరుంటే తీసేయాలి, ఒప్పో, వివో, రియల్‌మీల్లో బ్యాక్‌గ్రౌండ్ పర్మిషన్ లాంటి పేర్లతో ఇదే ఉంటది. అన్ని యాప్స్‌కీ ఇలా తలుపులు తెరిచేస్తే మళ్లీ చార్జింగ్ నిలవదు, కాబట్టి డబ్బులవి, వాట్సాప్, ఆఫీసు మెయిల్, షిఫ్ట్ డ్యూటీలవాళ్లయితే అలారం యాప్, ఇలా నాలుగైదింటికి చాలు. స్టీల్ ప్లాంట్‌లో పొద్దున్న షిఫ్ట్‌కి కూర్మన్నపాలెం గేటు దగ్గరుండాల్సిన మనిషికి ప్లేస్టోర్ నుంచి వేస్కున్న అలారం యాప్ మోగకపోతే అది చిన్న విషయం కాదు కదా. ఫోన్‌తో పాటు వచ్చిన క్లాక్ యాప్‌కి ఈ బాధ తక్కువ, ముఖ్యమైన అలారానికి అదే నయం.

పర్మిషన్లు ఇంకో మూల. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఈ రూల్స్ బిగుసుకుంటూ వస్తున్నాయి. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి లొకేషన్‌ని యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే ఇచ్చే వీలొచ్చింది, 2020లో 11 నుంచి నెలల తరబడి తెరవని యాప్స్ పర్మిషన్లు వాటంతటవే ఊడిపోతాయి, 2021లో 12 నుంచి లొకేషన్ ఖచ్చితంగా ఇవ్వాలా సుమారుగా ఇవ్వాలా అని అడుగుతోంది, 2022లో 13 వచ్చాక కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్ పంపాలన్నా అడిగి పంపాలి, 2023లో 14 నుంచి ఫోటోలన్నీ ఇవ్వకుండా ఎంచుకున్న కొన్నే ఇవ్వొచ్చు. మంచి రూల్సే, గానీ తొందర్లో ఏదో ఒకటి నొక్కేసినవాళ్లకి తర్వాత వింతగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో గ్యాలరీ తెరిస్తే నాలుగే ఫోటోలు కనపడతాయి, మిగతావి అప్‌డేట్ తినేసిందని గుండె ఆగినంత పనవుద్ది, అవి ఎక్కడికీ పోలేదు, ఆ యాప్‌కి నాలుగే చూపించమని మనమే చెప్పాం. ఆటో బుక్ చేస్తే డ్రైవర్ రెండు సందుల అవతల ఆగుతున్నాడంటే ఖచ్చితమైన లొకేషన్ ఆఫ్‌లో ఉందేమో చూడాలి.

యూపీఐ యాప్ మొదట్నుంచి రిజిస్టర్ అవ్వమని అడిగి, ఎన్నిసార్లు చేసినా వెరిఫికేషన్ ఫెయిల్ అని చెప్పడం కూడా బాగా వినపడే ఫిర్యాదు. ఇది ఎందుకొస్తుందో తెలియాలంటే ఆ వెరిఫికేషన్ ఎలా జరుగుతుందో తెలియాలి. బ్యాంకు మనకి పంపే ఓటీపీ వేరు, ఇక్కడ మన ఫోనే మన సిమ్ నుంచి బ్యాంకు వైపు ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, ఆ నంబర్ అకౌంట్‌లో ఉన్న నంబర్ అవునా కాదా అని వాళ్లు సరిచూస్కుని ఈ ఫోన్‌నీ ఆ సిమ్‌నీ ముడేస్తారు. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో ఎస్సెమ్మెస్‌కి డీఫాల్ట్ సిమ్ మారిపోయిందనుకోండి, మెసేజ్ రెండో నంబర్ నుంచి పోతుంది, బ్యాంకుకి ఆ నంబర్ ఎవరిదో తెలీదు, ఫెయిల్. సిమ్‌లో ఎస్సెమ్మెస్ లేని ప్యాక్ వేస్కుని బ్యాలెన్స్ కూడా లేకపోయినా ఫెయిలే, తీరా చూస్తే రీచార్జ్ గొడవ అన్నమాట. ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇవ్వకపోయినా, వెరిఫై అయ్యేటప్పుడు వైఫై కాలింగ్‌తోనో వీపీఎన్‌తోనో ఏదన్నా అడ్డం పడినా ఇబ్బందే. వరసగా పదిసార్లు ట్రై చేయడం కంటే సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ సిమ్ సరిచేసి, మామూలు ఎస్సెమ్మెస్ ఒకటి ఇంట్లోవాళ్లకి పంపి అది వెళ్తుందో లేదో చూసి, అప్పుడు యాప్‌లో చేస్కోవడం తెలివైన పని.

నెట్‌వర్క్ సంగతికొస్తే వైజాగ్‌లో ఓఎస్ అప్‌డేట్ వల్ల మేలు జరిగిన నెల కూడా ఒకటుంది. 2022 డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చాకే మన దేశంలో ఐఫోన్లకి 5జీ తెరుచుకుంది, అదే నెలాఖర్లో వైజాగ్‌లో జియో 5జీ మొదలైంది. అంతకుముందు 5జీ ఐఫోన్ కొనుక్కున్నవాళ్ల చేతిలో హార్డ్‌వేర్ ఉన్నా సాఫ్ట్‌వేర్ తాళం వేసుంది. ఫోన్ సిగ్నల్ పట్టే తీరుని అప్‌డేట్ ఎంతలా మారుస్తుందో దీన్నిబట్టే తెలుస్తోంది. అప్‌డేట్‌తో పాటు సిగ్నల్ పని చూసే మోడెమ్ సాఫ్ట్‌వేర్ కూడా మారొచ్చు, ఏ సిగ్నల్ దొరికితే ఎప్పుడు దూకాలి అన్న లెక్క మారుద్ది, అప్పటిదాకా ఇంట్లో 4జీ మీద నిలకడగా ఉన్న ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య అటూ ఇటూ ఊగుతూ చార్జింగ్ తినేస్తది. యారాడ లాగా కొండ అడ్డం పడే చోట్లా, సింహాచలం కొండ దిగువనా, సెల్లార్లలోనూ ఇది ఎక్కువ. వారం రోజులు 4జీ మీదే పెట్టి చూస్తే తేడా కనపడుద్ది. డేటా బాగుండి కాల్స్ మాత్రం కలవకపోతే వోల్టీఈ (VoLTE, అంటే 4జీ మీదే కాల్స్ పోయే పద్ధతి) మీట ఆఫ్ అయిందేమో చూడాలి, జియోకి 2జీ, 3జీ లేవు గనక అది లేకపోతే మామూలు కాల్ పోదు. ఇవేవీ కాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ ఉంది, దాంట్లో పోయేవి వైఫై పాస్‌వర్డులూ, బ్లూటూత్ జతలూ, ఫోటోలకీ చాట్లకీ ఏం కాదు. రీసెట్ అన్న మాట చూసి భయపడి దీన్ని వదిలేసి, తర్వాత అసలైన రీసెట్‌కి ఒప్పుకునేవాళ్లున్నారు, అదే విచిత్రం.

హాస్టళ్లలో ఉండేవాళ్లకి ఇంకో తలనొప్పి. ద్వారకానగర్‌లో కోచింగ్‌కొచ్చిన పిల్లలుండే హాస్టల్‌లోనో, ఆఫీసులోనో వైఫైకి ఫోన్ల మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో ఫోన్‌కీ ఉండే వైఫై గుర్తు నంబర్లు) రాస్కుని వాటినే లోపలికి రానిచ్చే పద్ధతి ఉందనుకోండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్ ప్రతి వైఫైకీ ఒక నకిలీ అడ్రస్ చూపిస్తది, మనల్ని ఎవరూ వెంటాడకుండా. పాత ఫోన్ ఒక్కసారిగా పెద్ద వెర్షన్‌కి ఎక్కితే రౌటర్‌కి ఎవరో కొత్తవాళ్లు తలుపు కొడుతున్నట్టు ఉండొచ్చు, అప్పుడు పాస్‌వర్డ్ కరెక్టే అయినా ఇంటర్నెట్ రాదు. ఆ ఒక్క వైఫై సెట్టింగ్‌లో ప్రైవసీ దగ్గర డివైస్ మ్యాక్ (ఫోన్ అసలు అడ్రస్) పెట్టుకుంటే సరిపోద్ది, ఇంట్లో, బయట వైఫైల్లో దాన్ని అలాగే ఉండనివ్వడం మేలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్, కారు స్టీరియో కలవకపోతే ఫర్గెట్ కొట్టి మళ్లీ జత చేస్కోవడమే, అంతకంటే పెద్ద కథ లేదు.

సెట్టింగులన్నీ చూశాక కూడా ఫోన్ దానంతటదే ఆగిపోతుంటే, ఖాళీగా ఉన్నా వేడెక్కుతుంటే అప్పుడు సేఫ్ మోడ్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూ తెచ్చి పవర్ ఆఫ్ బొమ్మని గట్టిగా నొక్కి పట్టుకుంటే అడుగుతుంది. సేఫ్ మోడ్‌లో మనం వేస్కున్న యాప్స్ ఏవీ నడవవు, కంపెనీవి మాత్రమే నడుస్తాయి. అందులో ఒక పూట ఫోన్ చల్లగా ఉందంటే దొంగ మన యాప్స్‌లోనే ఉన్నాడు, ఈమధ్య వేసినవి ఒక్కొక్కటీ తీస్కుంటూ పోవాలి, హోమ్ స్క్రీన్ మార్చే పాత లాంచర్లు, క్లీనర్లు, బ్యాటరీ సేవర్ పేరుతో వచ్చే యాప్స్ మీద మొదటి అనుమానం పడాలి. సేఫ్ మోడ్‌లోనూ అదే గోల అంటే సిస్టమ్‌దో హార్డ్‌వేర్‌దో. ఇంత కచ్చితంగా చెప్పే పరీక్ష ఫోన్‌లో ఇంకోటి లేదు, అయినా దీన్ని వాడేవాళ్లు బాగా తక్కువ.

స్టోరేజ్ గురించి రెండు మాటలే. నిండిపోయిన ఫోన్ అప్‌డేట్ లేకపోయినా నత్తనడకే, అప్‌డేట్ తర్వాత సిస్టమ్ ఇంకొంచెం జాగా తీస్కుంటది గనక అప్పటిదాకా అంచు మీద నడిచింది కాస్తా పడిపోద్ది. పదో వంతైనా ఖాళీ ఉండాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త, యాప్ ఇన్ఫోలో క్లియర్ క్యాషే పక్కనే క్లియర్ డేటా ఉంటది, మొదటిది ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు, రెండోది వాట్సాప్ మీద కొడితే బ్యాకప్‌లో లేని చాట్లన్నీ గోవిందా.

హార్డ్‌వేర్ మాట. ఇంతకుముందే వీక్‌గా ఉన్న భాగం అప్‌డేట్ రోజునే బయటపడటం జరుగుతుంటది, అరగంటపాటు ఫోన్ పూర్తి బలంతో పని చేసి వేడెక్కుతుంది గదా. అమోలెడ్ స్క్రీన్ల మీద పడే ఆకుపచ్చ గీత మీద మన దేశంలో ఇలాంటి ఫిర్యాదులు చాలా వచ్చాయి, కొన్ని కంపెనీలు వారంటీ దాటిన మోడళ్లకి కూడా ఉచితంగా స్క్రీన్ మార్చిన సందర్భాలున్నాయి, గీత పడితే డబ్బులిచ్చి మార్పించుకునే ముందు ఆ మోడల్‌కి అలాంటి స్కీమ్ ఉందేమో సర్వీస్ సెంటర్లో అడిగి తీరాలి. గీతని ఏ రీసెట్టూ చెరపలేదు. చార్జింగ్ పోర్టులో తేమ ఉందన్న వార్నింగ్ ఇంకోటి, సముద్రం పక్క ఊరు కాబట్టి ఫిషింగ్ హార్బర్ దగ్గర, బీచ్‌కి ఆనుకున్న ఇళ్లల్లో ఉప్పు గాలికి పోర్టు లోపలి పిన్నులు పాచి పట్టినట్టు అవుతాయి, జేబులో దూది కూడా చేరుద్ది. ఫోన్ ఆఫ్ చేసి, వెలుతురులో చూసి, పొడి చెక్క పుల్లతో మెల్లగా దూది తీయాలి, సూదీ పిన్నీసూ వద్దు. ఇంకో కేబుల్‌తో కూడా చూడాలి. హెయిర్ డ్రయ్యర్ పెట్టడం, బియ్యం డబ్బాలో పాతిపెట్టడం రెండూ మానేస్తే మంచిది, ఫ్యాన్ కింద వదిలేస్తే చాలు.

ఇన్ని చూశాక మిగిలింది రీసెట్. జగదాంబ దగ్గరో గాజువాక మెయిన్ రోడ్డు మీదో రిపేర్ షాపుకి ఫోన్ తీస్కెళ్తే ఎక్కువసార్లు మొదట వినపడే మాట సాఫ్ట్‌వేర్ కొట్టాలి అని. షాపువాడి వైపు నుంచి చూస్తే అది న్యాయమే, బయట పది మంది నిలబడి ఉంటే ఒక్కో ఫోన్‌లో పర్మిషన్లు వెతుకుతూ కూర్చోలేడు, మొత్తం తుడిచేస్తే ఏ సెట్టింగ్ తప్పైనా పోతుంది, ఫోన్ బాగైనట్టే కనిపిస్తది. ఖర్చు మాత్రం మనది. యూపీఐ యాప్స్ అన్నీ మళ్లీ ముడేయాలి, బ్యాకప్ లేని చాట్లు పోతాయి, ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్‌లు దాచుకుని ఉంటే ఆఫీసు అకౌంట్లకి తాళం పడుద్ది, పైగా 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో ఉన్న దొంగతనం రక్షణ వల్ల, సెట్టింగ్స్ లోంచి కాకుండా ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు తెచ్చే రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే అంతకుముందు ఫోన్‌లో ఉన్న జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ జీమెయిల్ ఫోన్ కొన్నరోజు షోరూమ్ కుర్రాడు చేసిచ్చింది, పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు, బిల్లు వెనకాల రాశాడేమోనని ఇల్లంతా వెతుకుతారు. సాఫ్ట్‌వేర్ కొట్టమనే ముందు ఆ జీమెయిల్ పాస్‌వర్డ్ తెలుసో లేదో ఇంటి దగ్గరే కూర్చుని సరిచూస్కోవాలి.

పాత వెర్షన్‌కి వెనక్కెళ్లిపోదాం అనే ఆలోచన కూడా సహజంగా వస్తది. ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో సిస్టమ్‌కి స్టోరేజ్‌లో రెండు వాటాలుంటాయి, అప్‌డేట్ ఖాళీగా ఉన్న రెండో వాటాలో ఎక్కుతుంది, కొత్తది అసలు బూట్ అవ్వకపోతే ఫోన్ పాతదానికి దానంతటదే తిరిగొస్తది, గానీ ఒకసారి విజయవంతంగా లేచాక ఆ దారి మూసేస్తారు. తర్వాత పాతది ఎక్కించాలంటే డేటా మొత్తం పోద్ది, చాలా మోడళ్లలో భద్రత కోసం పాత వెర్షన్‌ని బూట్‌లోడరే (ఫోన్ ఆన్ అవ్వగానే మొదట నడిచి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) ఒప్పుకోదు, ఆపిల్ అయితే కొత్త వెర్షన్ వచ్చిన కొద్ది రోజులకే పాతదానికి సంతకం చేయడం, అంటే ఎక్కించడానికి ఒప్పుకోవడం, ఆపేస్తుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి ఎక్కిస్తాం అని షాపులో ఎవరైనా అంటే, ఆ తర్వాత బ్యాంకు యాప్స్ తెరుచుకోకపోవచ్చని ముందే తెలుస్కోవాలి.

నిజమైన బగ్ అయితే ఇంట్లో ఏం చేసినా పోదు, కంపెనీ పంపే చిన్న అప్‌డేట్‌తోనే పోద్ది. 2014లో ఐఓఎస్ 8.0.1 ఐఫోన్ 6లో సిగ్నలే లేకుండా చేస్తే గంటన్నరలోపే వెనక్కి తీస్కున్నారు, 2023లో ఐఫోన్ 15 వేడికి 17.0.3 మందయింది, అదే ఏడాది ఆండ్రాయిడ్ 14లో ఒకటికంటే ఎక్కువ యూజర్లు పెట్టుకున్న పిక్సెల్ ఫోన్లలో స్టోరేజ్ తెరుచుకోని బగ్‌కి నవంబర్ అప్‌డేట్‌లో మందు వచ్చింది. ఇలాంటివి ఒకే మోడల్ వాళ్లలో చాలామందికి ఒకేసారి వస్తాయి, అదే గుర్తు. పక్కింటివాళ్ల దగ్గర అదే మోడల్, అదే బిల్డ్ నంబర్ (అబౌట్ ఫోన్‌లో కనిపించే సాఫ్ట్‌వేర్ గుర్తు) ఉండి వాళ్ల ఫోన్ బాగుంటే మన ఫోన్‌లోనే ఏదో ఉండొచ్చు. పెద్ద వెర్షన్ వచ్చిన మొదటి రోజే ఎక్కించుకోకుండా రెండు మూడు వారాలు ఆగితే ఈ గొడవ సగం తప్పుద్ది, సెక్యూరిటీ ప్యాచ్‌ల విషయంలో మాత్రం ఆగొద్దు.

విసిగిపోయినవాళ్ల మీద వల వేసేవాళ్లు వేరే ఉంటారు. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతికి దొరికిన మొదటి మొబైల్ నంబర్‌కి ఫోన్ చేస్తే, స్క్రీన్ షేరింగ్ యాప్ వేస్కోండి, అప్‌డేట్ సరిచేసే ఫైల్ వాట్సాప్‌లో పంపుతాం అంటారు. అప్‌డేట్ ఏదైనా సెట్టింగ్స్ నుంచో ప్లేస్టోర్ నుంచో వస్తది, వాట్సాప్‌లో ఏపీకే ఫైల్‌గా (యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్) రాదు. కంపెనీ నంబర్ ఫోన్ డబ్బా మీదో ఫోన్‌లోనే ఉన్న సపోర్ట్ యాప్‌లోనో ఉంటది. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే చేతిలో మూడు ఉండాలి: అప్‌డేట్ పడిన తేదీ, బిల్డ్ నంబర్ స్క్రీన్‌షాట్, సేఫ్ మోడ్‌లో ఏమైందో చెప్పే ఒక ముక్క. అప్‌డేట్ తర్వాతే మొదలైందన్న మాట, ఫోన్ మీద ముందే ఉన్న గీతలూ దెబ్బలూ, ఫోన్ నీళ్లలో పడలేదన్న మాట ఇవన్నీ కౌంటర్‌లో నోటితో చెప్పి ఊరుకోకుండా జాబ్ షీట్ మీదే రాయించుకుని ఒక ఫోటో తీస్కోవాలి, ఎందుకంటే తర్వాత మదర్‌బోర్డ్ మార్చాలి అని ఫోన్ వచ్చినప్పుడు వారంటీ గురించి మాట్లాడటానికి మిగిలేది ఆ కాగితం ఒక్కటే.